బయానా ఇచ్చేముందే పరిశీలన గడువు రాసుకోవాలి

చెరువు కింద వరి పండిన వర్తూరు 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికెలో కలిసింది. పొలాలు ఇంటి స్థలాలయ్యాయి. సరిహద్దు పల్లెలో పొలం అమ్మి అక్కడ స్థలం కొనే కుటుంబానికి బయానా సొమ్మే సర్వస్వం. అయితే కరారు పత్రంలో 'మూడు నెలల్లో రిజిస్ట్రేషన్' అని మాత్రమే రాసి, పత్రాల పరిశీలనకు గడువు రాయకపోవడం వివాదాలకు మూలమవుతున్నది.

పరిశీలన ఒక్కరోజు పని కాదు. ముప్పయ్యేళ్ల ఈసీ, మూల దస్తావేజులు, పహాణీ, ఖాతా, వంశవృక్షం చూడాలి. ఆ భూమి షెడ్యూల్డు కులాల, తెగల వారికి ప్రభుత్వం మంజూరు చేసినదైతే, 1978 నాటి కర్ణాటక చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేని విక్రయం చెల్లదు. చెరువు సమీపమైతే మరో చిక్కు. చెరువు చుట్టూ 75 మీటర్లు విడువాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లో ఆదేశించగా, 2019లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. కనుక పాత మాట నమ్మక, నేటి మాస్టర్ ప్లాన్ నిబంధననే చూడవలసి ఉంటుంది.

చట్టం ఏమంటున్నది? స్థిరాస్తి ఒప్పందాల్లో సాధారణంగా గడువు ప్రాణాంశం కాదని, ఒప్పందంలోని మాటలను బట్టి అలా కావచ్చునని చాంద్ రాణి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తెలిపింది. ధరలు వేగంగా పెరిగే కాలంలో ఈ భావనను పునఃపరిశీలించాలని శారదామణి కందప్పన్ కేసులో 2011లో అదే న్యాయస్థానం అభిప్రాయపడింది. ఒప్పందం అమలుకై దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం మూడేళ్లు ఇస్తున్నది. తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి, లేకుంటే అవతలివారు నిరాకరించినట్లు తెలిసిన నాటి నుంచి ఆ లెక్క మొదలవుతుంది. అంటే తేదీ లేని కరారు అమ్మినవారి మెడకూ చుట్టుకుంటుంది.

అందువల్ల కరారులో నాలుగు విషయాలు స్పష్టంగా ఉండాలి. ఒకటి, అమ్మేవారు ఏ పత్రాలు ఏ తేదీలోగా ఇవ్వాలో జాబితా. రెండు, పరిశీలనకు ఇన్ని రోజులని; ఆ లెక్క బయానా నాటి నుంచి కాక, చివరి పత్రం అందినట్లు రసీదు ఇచ్చిన నాటి నుంచి సాగాలి. ఇది లేకుంటే పత్రాలు ఆలస్యంగా ఇచ్చి గడువు దాటిందనే వాదన పుడుతుంది. మూడు, లోపం కనిపిస్తే రాతపూర్వకంగా తెలుపుటకు, సరిదిద్దుటకు వేర్వేరు వ్యవధులు. నాలుగు, లోపం తీరకుంటే బయానా ఏ తేదీకి తిరిగి రావాలో, కొనేవారు మౌనంగా ఉంటే దాని అర్థమేమిటో. కార్యాలయంలో పత్రం ఆలస్యమైతే, గడువు పొడిగింపుపై ఇరువురూ సంతకం చేయాలి.

నోటిమాటకు విలువనిచ్చే పల్లెల్లో ఇన్ని షరతులు అనుమానంగా తోచవచ్చు. కానీ రాసుకున్న తేదీ కొనేవారి సొమ్మును, అమ్మేవారి భూమిని సమానంగా కాపాడుతుంది. సంతకానికి ముందు ఒక పూట న్యాయవాది వద్ద గడిపితే, తరువాత ఏళ్ల తరబడి కోర్టు మెట్లు ఎక్కే బాధ తప్పవచ్చు.