ఇంటిపేరు వదిలితేనే ఇముడుతారా?

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి, అంటే ఇప్పటి తమిళనాడుకు, మారింది. ఇళ్ళూ పొలాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. బడిలో భాషా ఆఫీసులో భాషా మారాయి. కాలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 'కల్చర్ షాక్' మీద రాసిన వ్యాసం అచ్చయిందీ ఆ ఏడాదే. పరాయిచోట అడుగుపెట్టిన మనిషికి మొదట అంతా మురిపెంగా ఉంటుందనీ, తర్వాత చిరాకూ దిగులూ కమ్ముకుంటాయనీ, మెల్లగా కుదురుకుంటాడనీ ఆయన చెప్పాడు. అప్పటినుంచి విదేశాల్లో చదివే పిల్లల మీద, ముఖ్యంగా చైనా పిల్లల మీద, ఎన్నో పరిశోధనలు జరిగాయి. వాటిని తిరుత్తణి, పళ్ళిపట్టు, తిరువళ్ళూరు వైపు తెలుగు ఇళ్ళలో శ్రద్ధగా చదవాలి. ఇక్కడి పిల్లలు విమానం ఎక్కడానికి చాలా ముందే, తమిళ బడిలో చేరిన రోజే, సర్దుకోవడం మొదలుపెడతారు గనక.

పిల్లల్ని దూరం పంపేటప్పుడు పెద్దలు తప్పకుండా చెప్పే మాట "అడ్జస్ట్ అయిపో". అంటే తనది వదిలేసి ఎదుటివాళ్ళలా మారిపొమ్మని పిల్లలు అర్థం చేసుకుంటారు. పేరు సంగతే చూడండి. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాడు బడి రిజిస్టర్లో వాడుక వేరు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. అలా చాలామంది పిల్లల ఇంటిపేరు సర్టిఫికెట్లకు ఎక్కదు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసా మీద ఉన్న ఒక్క పేరూ సర్‌నేమ్ గడిలోకి పోతుంది. పిలిచే పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, మొదటి పేరు తెలియదని దానర్థం. అమ్మానాన్నా ముద్దుగా పెట్టుకున్న పేరున్న పిల్ల, కాగితం మీద పేరు తెలియని మనిషిగా కొత్త దేశంలో దిగుతుంది.

చైనా పిల్లలది ఇంకో దారి. తమ పేరు పలకడం ఎదుటివాళ్ళకు కష్టమని ఆలెక్స్, జెన్నీ లాంటి పేర్లు పెట్టుకుంటారు. షియాన్ ఝావో, మోనికా బీర్నాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని చైనా విద్యార్థుల్ని పరిశీలిస్తే, ఆంగ్ల పేరు పెట్టుకున్నవాళ్ళలో ఆత్మగౌరవం కాస్త తక్కువగా కనిపించింది, దాంతోపాటే ఆరోగ్యం, సంతోషం కూడా. ఆత్మగౌరవం తక్కువ ఉన్నవాళ్ళే పేరు మార్చుకుంటారేమోనని అడగవచ్చు. సరైన ప్రశ్నే. పేరు మార్చుకోవడమే కారణమని ఆ పరిశీలన తేల్చలేదు. అయినా, ఇముడుతామని పేరు వదులుకున్నవాళ్ళకు అందువల్ల మనసు కుదుటపడినట్టు మాత్రం అందులో ఎక్కడా కనబడదు. యేల్ విశ్వవిద్యాలయంలో చైనా విద్యార్థుల మీద జరిగి 2013లో అచ్చయిన చిన్న సర్వేలో నూటికి 45 మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. చదువులో అందరికంటే ముందున్న పిల్లలు వీళ్ళు. మార్కులు బాగా వస్తున్నాయి కదా, పిల్లాడు బాగానే ఉన్నాడనుకునే తల్లిదండ్రులు ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

మనవాళ్ళతోనే తిరిగితే కొత్త లోకం ఎలా తెలుస్తుందన్నది తరచూ వినబడే అభ్యంతరం. హవాయిలో బోక్‌నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు చేసి 1977లో అచ్చువేసిన పరిశోధన దీనికి మంచి జవాబు. విదేశీ విద్యార్థికి స్వదేశీయుల స్నేహం మనసుకు ఊతమిస్తుంది, స్థానికుల స్నేహం చదువూ పనులూ సాగడానికి పనికొస్తుంది, మిగతా దేశాలవాళ్ళ స్నేహం సరదాకు. ఒకదాని పని ఇంకొకటి చేయలేదు. తెలుగు గుంపుల్లో కులం లెక్కలూ, ఎవరికి ఉద్యోగం వచ్చిందన్న పోటీలూ ఉంటాయి, కాదనను. ఆ జబ్బును నయం చేసుకోవాల్సిందే, అయితే దానికి మందు ఒంటరితనం కాదు.

ఇక మన బడుల సంగతికొస్తే, రాష్ట్రం తన భాష నేర్పకూడదా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. నేర్పాలి. తిరుత్తణిలో ఉండి తమిళం రాకపోతే నష్టం పిల్లలకే. 2006 తమిళ అభ్యాస చట్టంతో వచ్చిన చిక్కు వేరు. తెలుగు మొదటి భాషగా చదువుతున్న పిల్లలకు ఆ స్థానంలోకి తమిళం వచ్చింది, తెలుగు ఐచ్ఛికం అయింది. పదో తరగతి తమిళం పేపరు మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాకులు మద్రాసు హైకోర్టుకు, ఆపైన సుప్రీంకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. వలస వచ్చినవాళ్ళ సర్దుబాటును పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ తన పరిశోధనల్లో పదేపదే చెప్పింది ఇదే: సొంత సంస్కృతిని నిలుపుకుంటూ కొత్తదానిలో పాలుపంచుకునేవాళ్ళే సాధారణంగా కుదురుగా ఉంటారు, అయితే అందుకు ఆ చోటు కూడా తలుపు తెరిచి ఉండాలి. పిల్ల రెండడుగులు వేస్తే బడి ఒక్క అడుగైనా వేయాలి.

ఆ అడుగు పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ఇంటిపేరు రాసుకుంటామంటే బడిలో చేర్చుకునేటప్పుడే దానికి చోటివ్వవచ్చు. ఆవడి చుట్టుపక్కల ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయాల హాస్టళ్ళలో ఆంధ్ర నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ళ దిగులు తెలుగులో వినగల కౌన్సిలర్‌ను ఒక్కరినైనా పెట్టవచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, అందులో తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు. మెస్ మెనూ అంటించిన గోడమీదే ఆ నంబరు రెండు భాషల్లోనూ రాసిపెట్టడానికి ఏ కోర్టు ఉత్తర్వూ అక్కర్లేదు.