మిరప లోడు - చివరి ఎనభై కిలోమీటర్లు

గుంటూరు మిరప యార్డులో టిక్కీ కాటా ఎక్కి దిగేదాకా దాని సంగతి రైతుకి తెలుసు. ఆ తర్వాత అదెటు పోయిందో, దారిలో దానికేమయిందో తెలియదు. మా నాన్నకీ తెలియదు. "అమ్మినాక మనకెందుకురా?" అంటాడు. ఈ "మనకెందుకు" అన్న మాట మీదనే నాకు పేచీ. అందుకే సావనీరుకి ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, అంతరిక్షం మీదో అణుశక్తి మీదో రాయకుండా లారీ బాడుగ మీద రాస్తున్నాను. సైన్సు విద్యార్థికి లారీలతో ఏం పని అని నవ్వదలచుకున్నవాళ్ళు నవ్వవచ్చు. అయితే చివరిదాకా చదివి నవ్వండి.

మన ఎండుమిరపను బాగా కొనే దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. గుంటూరులో లోడయిన లారీ విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్నం, శ్రీకాకుళం దాటి, ఇచ్ఛాపురం దగ్గర మన రాష్ట్రాన్ని వదిలి, ఒరిస్సా పొడుగునా పోయి, ఖరగ్‌పూర్ మీదుగా కలకత్తా చేరుతుంది. దాదాపు 1,200 కిలోమీటర్ల దారి. అక్కడినుంచి జెస్సోర్ రోడ్డు పట్టుకుని బారాసాత్, హాబ్రా, బనగావ్ దాటితే పెట్రాపోల్. అదే మన సరిహద్దు. ఇది ఇంకో 80 కిలోమీటర్లు. గేటుకి ఆవల బేనాపోల్. భారత్-బంగ్లాదేశ్‌ల మధ్య భూమార్గాన జరిగే వ్యాపారంలో అతి పెద్ద వాటా ఈ ఒక్క గేటు గుండానే పోతుంది.

మా బాబాయి లారీ డ్రైవరు. 2021లో, నేను పదో తరగతిలో ఉండగా, మిరప లోడుతో ఆ దారిన వెళ్ళాడు. నాలుగు రోజుల్లో కలకత్తా చేరాడు. ఆ తర్వాత సరిహద్దు దగ్గర పార్కింగు స్థలంలో పంతొమ్మిది రోజులు నిలబడ్డాడు. ముందు వందల లారీలు. ఎప్పుడు పిలుస్తారో చెప్పేవాడు లేడు. ముందుకు జరగాలంటే చేతులు తడపాలని చెప్పేవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారట. స్నానానికి నీళ్ళు కొనాలి, మరుగుదొడ్డికి వరస కట్టాలి. రోజుకింత పార్కింగు, ఇద్దరి తిండి, పైన ఫైనాన్సు వాయిదా. ఇంటికొచ్చి బాబాయి ఒక్క మాటన్నాడు: "అబ్బాయ్, లారీ తిరిగితే డీజిలు తాగుతది, నిలబడితే మనిషిని తాగుతది."

కెమిస్ట్రీ క్లాసులో ఒక పాఠం చెప్పారు. ఒక రసాయన చర్య నాలుగైదు దశల్లో జరిగితే, మొత్తం చర్య వేగాన్ని నిర్ణయించేది వాటన్నిటిలోకి మందకొడి దశ. తక్కిన దశలు ఎంత వేగంగా జరిగినా లాభం లేదు. ఆ రోజు నాకు క్లాసులో పెట్రాపోలే కనిపించింది. స్వర్ణ చతుర్భుజి పేర నాలుగు లైన్ల రోడ్డు వేశాం. 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చి రాష్ట్రాల సరిహద్దుల్లోని పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. 2018లో బండితో కలిపి లారీల మొత్తం బరువు పరిమితీ పెంచారు, మూడు ఇరుసుల బండికి 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి. ఇవన్నీ మంచివే. కాని ఇవన్నీ వేగంగా నడిచే దశను ఇంకా వేగంగా నడిపించే పనులు. చివరి గేటు దగ్గర పంతొమ్మిది రోజులు ఆగితే, దారిలో మిగిల్చిన పది గంటలూ ఏ గంగలో కలిసినట్టు?

పైగా మిరపకాయ ఇనుము కాదు గదా, నిలబెట్టిన చోట నిలబడి ఉండటానికి! పదిశాతం తేమ వరకు ఎండబెట్టి సంచికెత్తిన కాయ, బెంగాలు వానల్లో పట్టా కింద ఉక్కపోస్తే మళ్ళీ తేమ పీలుస్తుంది. తేమ చేరితే బూజు, ఆ బూజులోంచి ఎఫ్లటాక్సిన్ అనే విషం. ఎండకీ వేడికీ కాయ రంగు వెలుస్తుంది. రంగు తగ్గితే ధర తగ్గుతుంది. ఈ నష్టాన్ని కొనేవాడు ముందే ఊహించుకుని, యార్డులో మన కాయకి వేలం పాడేటప్పుడే తగ్గించి పాడతాడు. అంటే సరిహద్దులో నిలిచిన లారీ బిల్లు, ఆ లారీని ఎన్నడూ చూడని రైతు కడుతున్నాడన్నమాట.

ఇది నా ఊహ కాదు, లెక్క చూడండి. 2020లో లాక్‌డౌన్ వల్ల లారీలు కదలకపోతే, జులైలో రైల్వేవారు గుంటూరు జిల్లా రెడ్డిపాలెం నుంచి బేనాపోల్‌కి ఎండుమిరపతో ప్రత్యేక పార్సిల్ రైలు నడిపారు. పార్సిల్ రైలు దేశం దాటి పోవడం అదే మొదటిసారి. 16 వ్యాగన్లు, సుమారు 384 టన్నులు. అప్పుడు రైల్వేవారు చెప్పిన లెక్క ప్రకారం రోడ్డు మీద టన్నుకి దాదాపు 7,000 రూపాయలు, రైలు మీద 4,608 రూపాయలు. తేడా 2,392. క్వింటాలుకి చెప్పుకుంటే 239 రూపాయలు. ఎకరానికి ఇరవై క్వింటాళ్ళు పండించే రైతుకి ఇది 4,780 రూపాయలు. మా ఇంట్లో నా ఒక సెమిస్టరు మెస్సు బిల్లులో కొంత భాగం అనుకోండి.

ధర బాగున్న ఏడు 239 రూపాయలు ఎవరికీ ఆనదు. కాని 2025 మొదట్లో మిరప ధర కుప్పకూలినప్పుడు ఏమయింది? కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలని మార్కెట్ జోక్యం పథకం కింద ప్రకటించవలసి వచ్చింది. ఆ ధరలో రోడ్డు బాడుగ ఒక్కటే ఆరు శాతం. కోత కూలికే చాలని ఏడు, ఆరు శాతమంటే లాభనష్టాలకు మధ్య గోడ.

ఇక్కడ మా హాస్టలు మిత్రుడొకడు అడ్డు తగిలాడు. "ఒరేయ్, బాడుగ తగ్గితే వ్యాపారి జేబు నిండుతుంది గాని మీ నాన్న జేబు కాదు" అన్నాడు. మాటలో నిజముంది. సరుకు ఎక్కువై, కొనేవాళ్ళు తక్కువైన ఏడు మిగిలింది మిగిలినట్టే వ్యాపారి మింగుతాడు. కాని దానికి మందు బాడుగ తగ్గించకుండా ఉంచడం కాదు, బాడుగ ఎంతో రైతుకి తెలిసేట్టు చేయడం. "సరిహద్దులో లారీలు ఆగిపోయాయి, అందుకే రేటు లేదు" అని కమీషను కొట్లో ఎవరన్నా చెబితే, అది నిజమో అబద్ధమో తేల్చుకునే ఆధారం ఈనాడు రైతు చేతిలో లేదు. తెలియనివాడు బేరమాడలేడు.

న్యాయంగా చెప్పాలంటే కొన్ని మార్పులు వచ్చాయి. పెట్రాపోల్‌లో సమీకృత చెక్‌పోస్టు 2016లో ప్రారంభమయింది. 2022లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం "సువిధ" పేర ముందే సమయం కేటాయించుకునే పద్ధతి పెట్టింది. దానికీ రుసుముంది, అయినా చీకటి వసూలు కన్నా రసీదున్న వసూలు మేలు. 2024 అక్టోబరులో సరుకుల కోసం "మైత్రీ ద్వార్" అనే కొత్త గేటు తెరిచారు. కాని గేట్లు ఎన్ని కట్టినా, మన లారీ బేనాపోల్‌లో సరుకు దింపి ఖాళీగా తిరిగి రావలసిందే, అక్కడినుంచి ఢాకాకి వాళ్ళ లారీ మోయవలసిందే. ఒకరి బళ్ళు ఇంకొకరి దేశంలో తిరగనిచ్చే ఒప్పందం మీద భారత్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్‌లు 2015 జూన్ 15న థింఫూలో సంతకాలు చేశాయి. పదేళ్ళు దాటినా మిరప టిక్కీ దాని ఫలం చూడలేదు.

రాజకీయాల సంగతి సరేసరి. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలినప్పుడు పెట్రాపోల్‌లో సరుకు కదలిక స్తంభించింది. 2025 ఏప్రిల్‌లో మన నూలు భూమార్గాన రాకూడదని వాళ్ళన్నారు. మే నెలలో వాళ్ళ రెడీమేడ్ బట్టలు భూమార్గాన రాకూడదని మనమన్నాం. ఇవాళ నూలూ బట్టా, రేపు మిరప కాదని ఎవరు హామీ ఇస్తారు? ఇల్లు కట్టేటప్పుడు ఒక్క వాకిలే పెట్టుకునేవాడు తెలివైనవాడు కాదు.

అందుకని నా అభిప్రాయం మూడు ముక్కల్లో చెబుతాను. ఒకటి, యార్డులో ధర రాసే బోర్డు మీదనే ఆ రోజు సరిహద్దు బాడుగ ఎంతో, గేటు దగ్గర లారీలు సగటున ఎన్నాళ్ళు ఆగుతున్నాయో కూడా రాయాలి. దీనికి కోట్లు అక్కరలేదు, ఒక సుద్దముక్క చాలు. రెండు, 2020లో ఆపద మొక్కుగా నడిపిన పార్సిల్ రైలుని ప్రతి మిరప సీజనులోనూ నడపాలి. పూర్తి గూడ్సుకి 1,500 టన్నులకు పైగా పోగుచేయాలి, అది పెద్ద వ్యాపారికే సాధ్యం. 500 టన్నుల లోపు రైలైతే చిన్న వ్యాపారులూ, రైతు సంఘాలూ కలిసి నింపగలరు. మూడు, లారీ ఆగిన ప్రతి రోజుకీ డ్రైవరుకీ క్లీనరుకీ హాల్టింగు బత్తా చేతికి అందాలి, ఆగే చోట నీళ్ళూ నీడా ఉండాలి. వాళ్ళని మరిచిపోయి సరుకు గురించే మాట్లాడితే అది సైన్సూ కాదు, న్యాయమూ కాదు.

మన యార్డు టిక్కీలు కుట్టే గోనె సంచులకి పేరుపడ్డవి హుగ్లీ ఒడ్డున జూటు మిల్లులు. అక్కడినుంచి ఖాళీగా వచ్చిన సంచి, మన కారం నింపుకుని మళ్ళీ అటే పోతుంది. అంత దూరపు నేలలు ఇంత దగ్గరగా ముడిపడి ఉన్నప్పుడు "మనకెందుకు" అనడం ఎట్లా చెల్లుతుంది?

మొన్న సెలవుల్లో ఈ లెక్కంతా నాన్నకి కాగితం మీద వేసి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాడు. "ఈ 239 సంగతి ఇన్నాళ్ళూ ఎవడూ చెప్పలేదే" అన్నాడు. మిత్రులారా, చెప్పవలసింది చదువుకున్న మనమే.

- బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి