పెద్దపీట ఎవరికి వెయ్యాలి?

మా నిజాంపేటలో నలుగురాడవాళ్లు ఒకచోట చేరితే తెగని తగువులు మూడున్నాయి. వేసవికాలం నీళ్ల ట్యాంకరుకి ఏ ఫ్లాటు వాటా ఎంతన్నది మొదటిది. పనిమనిషి ముందు ఎవరింటికి రావాలన్నది రెండోది. ‘జబర్దస్త్’లో అందరికన్నా గొప్పవాడెవరన్నది మూడోది. మొదటి రెండూ నెలాఖరుకి ఎలాగో సర్దుకుంటాయి. మూడోదే ఏళ్ల తరబడి సాగుతోంది.

సాగక ఏం చేస్తుంది చెప్పండి? నిజాంపేట ఒకప్పుడు పల్లెటూరు. 2019లో ఏకంగా కార్పొరేషనయి కూచుంది. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసుకునే పిల్లల వెంట కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుంచీ, వరంగల్లు, కరీంనగరాలనుంచీ వచ్చినవాళ్లం ఈ అపార్టుమెంట్లలో సర్దుకున్నాం. ఒక్క లిఫ్టులో నాలుగు యాసలు వినిపిస్తాయి. నాలుగు యాసలకీ నలుగురు అభిమాన నటులు. శ్రీకాకుళం ఆవిడ షకలక శంకర్ తరవాతే ఎవరైనా అంటుంది. సిరిసిల్లావిడ మా వేణు అంటుంది. ఒంగోలు వైపువాళ్లు హైపర్ ఆది పేరు దగ్గర గీత గీసి ఎవర్నీ దాటనివ్వరు.

“టీవీలో కుప్పిగంతులకి కూడా వ్యాసమా తల్లీ!” అని ముక్కుమీద వేలేసుకునేవాళ్లుంటారు. వేసుకోనివ్వండి. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలై, గురువారం ఒకటి, శుక్రవారం ఎక్స్‌ట్రా అని ఇంకొకటి చొప్పున, ఏళ్లకి ఏళ్లు మన అన్నాలవేళకి హాల్లోకి వచ్చి కూచున్న కార్యక్రమం అది. పిల్లలు దాన్ని చూస్తూనే ముద్దలు మింగారు. మామగార్లు దాన్ని చూస్తూనే బీపీ మాత్రలు వేసుకున్నారు. ఇంట్లో అంతకాలం తిష్ఠవేసిన చుట్టాన్ని గురించి నాలుగు మాటలనుకోకపోతే మర్యాదగా ఉంటుందా?

ముందు అందరూ చెప్పే పేర్లే చూద్దాం.

హైపర్ ఆది ఉన్నాడు. మాటకి మాట తగిలించడంలో, ప్రాస దొర్లించడంలో అతని వేగం ఇంకొకరికి లేదు. తన స్కిట్లు తనే రాసుకుంటాడు. ఒక పంచ్‌కి నవ్వి తేరుకునేలోగా మూడోది వచ్చి పడుతుంది. బాగానే ఉంది. కాని కాస్సేపయ్యాక ఏం గుర్తుంటుందో ఆలోచించండి. మాట గుర్తుంటుంది. ఆ మాటన్న మనిషి ఎలాటివాడో, ఏ ఊరివాడో, వాడి బాధేమిటో ఒక్కటీ గుర్తుండదు. మాటలే వచ్చి వెళ్లాయి గాని మనుషులు రాలేదన్నమాట.

సుడిగాలి సుధీర్ ఉన్నాడు. మేజిక్కులు చేసుకునే కుర్రవాడు ఆటా పాటా పట్టి, 2019లో ‘సాఫ్ట్‌వేర్ సుధీర్’తో సినిమా హీరో కూడా అయ్యాడు. తన జట్టువాళ్లందరిచేతా మాటలు పడి, ఆ పడడంతోనే నవ్వించాడు. అది చిన్న విద్య కాదు. చమ్మక్ చంద్ర ఉన్నాడు. మొగుడూ పెళ్లాల తగువుని ఇంత వైనంగా నడిపినవాడు ఆ వేదికమీద మరొకడు లేడు. రాకెట్ రాఘవ ఉన్నాడు. జడ్జీలు మారినా, యాంకర్లు మారినా, తోటివాళ్లు వెళ్లిపోయినా, మొదటినుంచీ ఉన్నచోటే ఉండి నవ్వించిన ఓర్పు అతనిది. వేణు ఉన్నాడు. 2023లో ‘బలగం’ తీసి, చావింటి చుట్టూ కథ అల్లి జనాన్ని కంటతడి పెట్టించాడు. కాని ఆ గొప్ప సినిమాది. మన లెక్క ఈ వేదికమీద చేసినదాని వరకే.

ఇక గెటప్ శ్రీను. వేషం వేస్తే మనిషే మారిపోతాడు. గొంతు మారుతుంది, నడక మారుతుంది, చూపు మారుతుంది. అభిమానులు అతన్ని బుల్లితెర కమల్ హాసన్ అన్నారంటే ఊరికే అనలేదు. మగవాళ్ల వరసలో పెద్దపీట వెయ్యమంటే నేను ఇతనికే వేస్తాను.

ఈ జాబితా ఒక్కసారి వెనక్కి చదవండి. ఒక్క ఆడపేరు లేదు. “డు, ము, వు, లు ప్రథమా విభక్తి” అని చిన్నప్పుడు వల్లెవేశాం కదా. ఈ వాదనలో ‘డు’ ఒక్కటే మిగిలింది. అసలు ప్రశ్నే అలా వేస్తున్నాం మరి, “గొప్పవాడెవడు?” అని. జవాబులో ఆడది ఎలా వస్తుంది?

స్కిట్ అన్నది ఒక్కరివల్ల నిలబడదు. ఒకరు మాట విసరాలి, ఎదుట ఒకరు దాన్ని కాచుకోవాలి. కాచుకునే మనిషి మొహంలో ఏమీ పలక్కపోతే ఎంత గొప్ప పంచయినా తుస్సుమంటుంది. మన వంటింటి సంగతే చూడండి. పోపు చుయ్యిమంటే వీధి చివరికి వినిపిస్తుంది, వాసనకి పక్కింటివాళ్లు కూడా బావుందంటారు. ఆ కింద పప్పుని మెత్తగా ఉడికించినవాళ్ల మాట ఎవరూ ఎత్తరు. పప్పు లేకపోతే ఆ పోపు దేనిమీద వేస్తారుట?

జబర్దస్త్ స్కిట్లలో తరచుగా ఆ పప్పు పెళ్లాం పాత్ర. మొదటి ఏళ్లలో దాన్ని చాలామటుకు మగవాళ్లే చీర కట్టుకుని వేశారు. ఇంకో వింత కూడా గమనించండి. జడ్జీ కుర్చీలో రోజాగారున్నారు, 2022లో మంత్రి అయ్యేదాకా. మైకు పుచ్చుకుని స్కిట్లని పరిచయం చెయ్యడానికి అనసూయ, రష్మి ఉన్నారు. అంటే నవ్వడానికి ఆడది కావాలి, పిలవడానికి ఆడది కావాలి. కథలో ఆడదాని చోట మాత్రం మగవాడు!

మగవాడు ఆడవేషం వెయ్యడం తప్పని నేననడం లేదు. మనకది కొత్త కూడా కాదు. స్థానం నరసింహారావుగారి సత్యభామ సంగతి మన పెద్దవాళ్లు కథలుగా చెప్పేవారు. ఆ వేషాలు వేసిన ఆయనకి 1956లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామ జడ విసురు కూడా అంత గొప్పదే. ఆయనకి 1970లో వచ్చింది పద్మశ్రీ. వాళ్లు చీర కట్టింది ఆడదాని ఠీవి చూపించడానికి. ఇక్కడ వినోద్‌కీ శాంతి స్వరూప్‌కీ పనితనం తక్కువేం లేదు. వినోద్ కొంగు సర్దుకునే తీరు చూస్తే, ఎన్నేళ్లు అక్కచెల్లెళ్లని గమనించాడో అనిపిస్తుంది. ఆ పనితనాన్ని వాడుకున్న తీరు మీదే నా పోట్లాట. చీర కట్టించి, ఎదుట నిలబెట్టి, “నీ మొహం ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా?” అంటే చప్పట్లు! ఆ అవమానం వేషం వేసిన మనిషికా, చీరకా? ఆ వేషాలు వేసినవారిలో ఒకరు తరవాత స్త్రీగానే బతకాలని నిశ్చయించుకుని, ప్రియాంక సింగ్‌గా 2021లో బిగ్ బాస్ ఇంట్లో అడుగుపెట్టారు. మనం పడి పడి నవ్విన చీర ఒకరికి జీవితమన్న సంగతి అప్పటిదాకా మనకి తోచలేదు.

“పోనిద్దూ, నవ్వులాటకి అన్నదానికి ఇంత రాద్ధాంతమా!” అంటారు. సరే, మా బ్లాకులో జరిగింది చెబుతాను. ఆరో క్లాసు చదివే పిల్లాడొకడు వాళ్లమ్మ వడ్డిస్తుంటే, “ఈ చారుతో బాత్రూము కడుక్కోవచ్చమ్మా” అన్నాడు, టీవీలో ఫక్కీలోనే ఒక చెయ్యి పైకెత్తి మరీ. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ తల్లీ నవ్వింది. పొద్దున్న ఎనిమిదింటికి క్యాబెక్కి, ఆఫీసులో రోజంతా కంప్యూటరుకి కళ్లప్పగించి, రాత్రి ఏడింటికి దిగి, కాళ్లు కడుక్కుని ఆ చారు పెట్టింది ఆవిడ. పిల్లాడు చెడ్డవాడేం కాదు. అమ్మని ఏమన్నా నవ్వొస్తుందని నేర్చుకున్నాడు, అంతే. రేపు వాడికి పెళ్లయ్యాక ఆ పంచ్ ఎవరిమీద పడుతుందో మనకి వేరే చెప్పాలా?

“మొగుళ్లకి మాత్రం పడడం లేదా?” అని అడుగుతుంది మా ఒంగోలు వదినగారు. పడుతున్నాయి వదినా, కాదనను. కాని ఏమని పడుతున్నాయో చూడు. మొగుడు తాగొచ్చాడని, పని చెయ్యడని, పక్కింటి వైపు తొంగి చూశాడని. అవన్నీ వాడు చేసిన పనులు, రేపు మానుకోగలడు. పెళ్లానికి పడేవి మాత్రం లావని, నలుపని, పళ్లెత్తని. ఆవిడ మానుకోడానికి అవి పనులా? చేసినదానికి నవ్వడం వేరు, పుట్టినదానికి నవ్వడం వేరు.

తెలుగువాళ్లకి పెళ్లాంమీద నవ్వడం జబర్దస్తే నేర్పిందా? ఎప్పటినుంచో నవ్వుతున్నాం, ఇంతకన్నా గొప్పగా నవ్వుతున్నాం. మునిమాణిక్యం నరసింహారావుగారి కాంతం కథలు తియ్యండి. మొగుడు పంతులు, చదువుకున్నవాడు, కథ చెప్పేది కూడా తనే. అయినా చివరికి గెలిచేది కాంతమే. ఆవిడ తెలివికి నవ్వొస్తుంది మనకి. భానుమతిగారి అత్తగారి కథల్లో అత్తగారు చాదస్తురాలే. ఆ చాదస్తాన్ని చూసి నవ్వుతూనే ఆవిడ మీద మురిపెం పెంచుకుంటాం. 1962లో ‘గుండమ్మ కథ’లో ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్ ముగ్గురూ ఉండగా, సినిమాకి పేరు మాత్రం సూర్యకాంతం వేసిన పాత్రదే. పొత్తూరి విజయలక్ష్మిగారి నవల జంధ్యాల చేతిలో 1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’ అయింది. అందులో చూసొచ్చిన సినిమా కథని టైటిల్సునుంచీ వినిపించి మొగుణ్ణి హడలగొట్టే శ్రీలక్ష్మిని మరిచిపోయామా? ఆ నవ్వులో ఆవిడ పైచేయే తప్ప కిందచేయి లేదు. ఇంత ఆస్తి మన ఇంట్లో పెట్టుకుని, జబర్దస్త్ మొదటి ఏళ్లలో చిల్లర ఏరుకుంది.

అందుకే చంద్ర పక్కన సత్యశ్రీ వచ్చి నిలబడ్డాక నా ప్రాణం లేచొచ్చింది. ఆయన ఒకటంటే ఆవిడ దగ్గర రెండు సిద్ధం. తిట్టు మింగి బిక్కమొహం వేసే పెళ్లాం పోయి, ఊపిరి తీసుకోకుండా జవాబు చెప్పే ఇల్లాలు వచ్చింది. తమాషా ఏమిటంటే, దాంతో చంద్ర హాస్యం కూడా పదింతలు పండింది. ఎదుట సరిజోడు ఉంటేనే గదండీ తగువుకి అందం! ఆ తరవాత సీరియళ్లలోంచి వచ్చిన రోహిణి ఉంది. ఒళ్లుమీద వేసిన జోకుని గోడకి కొట్టిన బంతిలాగ తిరిగి వాళ్లమీదికే పంపగల దిట్ట. 2023లో ‘సేవ్ ద టైగర్స్’లో పనిమనిషి వేషంలో ఆ దిట్టతనం ఇంకా బాగా తెలిసింది. బుల్లెట్ భాస్కర్ జట్టులో ఫైమా ఉంది. రూపం మీద ఎన్ని మాటలొచ్చినా తల దించకుండా, అన్నవాడే తల గోక్కునేటట్టు చేసిన పిల్ల.

ఇక నా తీర్పు. పెద్దపీట సత్యశ్రీకి. పక్కపీట రోహిణికి. ఆ తరవాత గెటప్ శ్రీను, ఆ తరవాతే మీ పంచ్‌ల మహారాజులు. రోహిణికి మొదటి పీట ఎందుకు కాదంటారా? ఆవిడ ఏ వేదికమీదైనా ఒంటరిగా నిలబడి నవ్వించగలదు. సత్యశ్రీ, టీముకి పేరు చంద్రదైనా, పెళ్లాం పాత్రలోనే నిలబడి ఆ పాత్రకి మళ్లీ నోరిచ్చింది. మిగతావాళ్లు ఆటని బాగా ఆడారు. ఈవిడ ఆటని మార్చింది.

“రాసేది మగవాళ్లేగా, ఆవిడ అప్పజెప్పిందంతేగా” అనే అభ్యంతరం ఒకటుంది. మరి రాసిచ్చిన మాటలు చదివితే నవ్వొస్తే కాగితమే టీవీలో చూపించొచ్చు కదా! ఒకే పచ్చడికి ఒకే కొలతలు రాసిస్తే పది ఇళ్లలో పది రుచులెందుకొస్తాయో మనకి తెలియనిదేమీ కాదు. ఇంకొకరు, “నవ్వుకి హద్దులు పెడతారా?” అంటారు. హద్దులు పెట్టడం లేదండీ, మార్కులు వేస్తున్నాను. బక్కవాణ్ణి పడదోసి గెలిచినవాడికి తక్కువ మార్కులు, సరిజోడుతో పట్టుపట్టి గెలిచినవాడికి ఎక్కువ మార్కులు. వస్తాదులకి ఉన్న న్యాయం విదూషకులకి ఎందుకుండకూడదు?

కాబట్టి వదినల్లారా, అక్కల్లారా! ఈసారి లిఫ్టులోనో, మేడమీద వడియాలు పెట్టేచోటో ఈ తగువు వచ్చినప్పుడు మీ శంకర్నీ, మీ వేణునీ, మీ ఆదినీ తప్పకుండా వెనకేసుకురండి. మీ ఇష్టం. ఒక్క మనవి మాత్రం వినండి. “గొప్పవాడెవడు?” అని మొదలుపెట్టకండి. “గొప్పవాళ్లెవరు?” అనండి. విభక్తిలో ‘లు’ కూడా ఉంది. వాడితే అరిగిపోదు.