ముందు గది చీకటి చేయండి

షుగరు ఉన్నవాళ్లకు ఉచితంగా కంటి ఫొటోలు తీస్తున్నారంటే మా మేనత్తను శిబిరానికి తీసుకెళ్లాను. బడి వరండాలో పెట్టారు కెమెరా. ఎదురుగా మిట్టమధ్యాహ్నపు ఎండ. అత్తయ్య గడ్డం ఆనించి కూర్చుంది, ఫ్లాష్ మెరిసింది. తెర మీద చూస్తే నారింజ రంగు మసక, అంచుల్లో తెల్లటి పొర. "ఇంకోటి తియ్యి బాబూ" అన్నాను. ఆ అబ్బాయి వెనక ఉన్న లైను చూపించాడు. అతన్ని తప్పు పట్టను. "ఫొటో స్పష్టంగా లేదు, పెద్దాసుపత్రికి వెళ్లండి" అని చీటీ రాసిచ్చారు. చూపు బాగానే ఉంది కదా అని అత్తయ్య ఆరు నెలలు కదల్లేదు.

షుగరు రెటీనాను తినేయడం మొదలుపెట్టినప్పుడు నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. సన్నటి రక్తనాళాలు అక్కడక్కడా ఉబ్బి ఎర్ర చుక్కల్లా కనిపిస్తాయి, అంతే. ఒక్కో చుక్క మిల్లీమీటరులో ఎనిమిదో వంతు కూడా ఉండదు. మసక ఫొటోలో ముందు మాయమయ్యేవి అవే.

ఇలాంటి కంటి ఫొటోలు చదివే తన కృత్రిమ మేధను గూగుల్ థాయిలాండ్ క్లినిక్‌లలో పెట్టి చూసింది. ఫొటోల్లో ఐదో వంతుకు పైగా పనికిరావని అది తిప్పికొట్టిందని 2020లో వాళ్లే ప్రచురించారు. పరిశీలించిన 11 క్లినిక్‌లలో చీకటి చేసుకోగల గది ఉన్నవి రెండే. వెలుతురులో కంటిపాప ముడుచుకుపోతుంది, లోపలికి కాంతి చాలదు. ఇక ఎంత తెలివైన యంత్రమైనా ఏం చదువుతుంది?

మసకను సాఫ్ట్‌వేర్‌తో తుడిచేద్దామనే మాట ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తోంది. ఫొటోలోని ఆకుపచ్చ భాగాన్ని విడదీస్తే రక్తనాళాలు తేటగా కనిపిస్తాయి, అంతవరకు మంచిదే. వేల కళ్ల ఫొటోలు చూసి నేర్చుకుని, లేని వివరాన్ని ఊహించి పూరించే పద్ధతులంటేనే నాకు భయం. ఉన్న చుక్కను చెరిపేయొచ్చు, లేని చుక్కను పెట్టేయొచ్చు. అందుకే మెరుగుపరిచిన ఫొటో పక్కన అసలు ఫొటో ఉండి తీరాలి. మనిషి కుర్చీలోంచి లేవకముందే "బాగా రాలేదు, మళ్లీ తియ్యి" అని చెప్పే సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రతి శిబిరంలోనూ ఉండాలి.

ఆరు నెలలకు అత్తయ్యను ఇంకోచోటికి తీసుకెళ్లాను. కిటికీకి నల్ల దుప్పటి కట్టారు. లెన్సు తుడిచారు. డాక్టరు చూసి సరేనన్నాకే చుక్కల మందు వేసి, కంటిపాప విచ్చుకునేదాకా చీకట్లో కూర్చోబెట్టారు. ఈసారి తెర మీద నాళాలు చెట్టుకొమ్మల్లా విడివిడిగా వచ్చాయి. ఎడమ కంట్లో, చూపు కేంద్రానికి దగ్గర్లో మూడు ఎర్ర చుక్కలు. అత్తయ్య కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి లెక్కపెట్టింది.