ఎవరి పెళ్ళికి ఎవరి ఓటు?

"ఇంత గొడవెందుకు, జనాన్నే అడిగితే పోతుంది కదా?" స్వలింగ వివాహాల గురించి చర్చ జరిగిన ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అనేవాళ్ళు మనకు వ్యతిరేకులేం కాదు. గ్రామాల్లో స్త్రీలతో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న కార్యకర్తలే. పైనుంచి వచ్చిన చట్టాలు కాగితాల మీదే మిగిలిపోవడం చూసి చూసి, జనం ఒప్పుకోని చట్టం నిలవదని వాళ్ళు అనుభవం మీద తెలుసుకున్నారు. పైగా ఐర్లండ్ ఉదాహరణ ఉండనే ఉంది. అంత కట్టుదిట్టమైన కేథలిక్ దేశంలోనే ప్రజలు ఓటు వేసి మరీ ఒప్పుకున్నారు, ఇక్కడెందుకు అడగకూడదు అంటారు. తేలిగ్గా కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది. అందుకని ముందు ఐర్లండ్‌లో ఏం జరిగిందో చూద్దాం.

ఆ దేశంలో రాజ్యాంగాన్ని మార్చాలంటే పార్లమెంటు ఒక్కటీ చాలదు, ప్రజల ఓటు తప్పనిసరి. కేథరిన్ జపోన్, ఆన్ లూయిస్ గిల్లిగన్ అనే ఇద్దరు స్త్రీలు 2003లో కెనడాలో పెళ్ళి చేసుకుని, దాన్ని గుర్తించమని తమ దేశంలో కోర్టుకెక్కారు. రాజ్యాంగం ప్రకారం వివాహమంటే స్త్రీపురుషుల మధ్య జరిగేదేనని 2006లో హైకోర్టు తీర్పు చెప్పింది. 2010లో, పెళ్ళికి ఒక మెట్టు కిందుండే 'సివిల్ పార్టనర్‌షిప్' చట్టం చేశారు. ఆ తర్వాత రాజ్యాంగ మార్పులపై ఒక సభ ఏర్పాటైంది. అందులో 66 మంది జనాభా నుంచి ఏ పలుకుబడీ లేకుండా ఎంపిక చేసిన మామూలు పౌరులు, 33 మంది రాజకీయ నాయకులు, ఒక అధ్యక్షుడు. వాళ్ళు కూర్చుని, అటూ ఇటూ వాదనలు విని, 2013లో 79 శాతం మెజారిటీతో మార్పుకు సిఫారసు చేశారు. అప్పుడు గానీ ప్రజల ముందుకు రాలేదు. 2015 మే 22న జరిగిన ఓటింగులో 62 శాతం మంది అవునన్నారు. 43 నియోజకవర్గాల్లో కాదన్నది ఒక్కటే. బతుకుతెరువు కోసం వలసపోయిన యువతీయువకులు ఆ ఒక్క ఓటు కోసం విమానాల్లో, ఓడల్లో తిరిగొచ్చారు. ఫలితం తేలిన రోజున జపోన్, టీవీ కెమెరాల ముందే, గిల్లిగన్‌ను మళ్ళీ పెళ్ళి చేసుకుంటావా అని అడిగారు.

ఈ కథ విన్నవాళ్ళెవరికైనా గుండె నిండుతుంది. మాకూ నిండింది. కానీ ఇది సగం కథే.

అదే దేశంలో, అదే ఓటు పెట్టెలో, అంతకుముందు ఏమేం పడ్డాయో స్త్రీలుగా మనం మరిచిపోలేం. 1983లో తల్లి ప్రాణంతో సమానమైన హక్కు పిండానికీ ఉందని దాదాపు 67 శాతం ఓట్లతో రాజ్యాంగంలో చేర్చారు. 1986లో విడాకుల మీద ఓటు పెడితే ఓడిపోయింది. విడాకులొస్తే మొగుడు రెండో పెళ్ళాన్ని తెచ్చుకుంటాడు, ఇల్లూ భూమీ పోయి మీరు వీధిన పడతారు అని స్త్రీల భయాన్నే స్త్రీల మీదికి తిప్పారు. చివరికి 1995లో విడాకుల హక్కు నెగ్గింది, 9,114 ఓట్ల తేడాతో. మన దగ్గర ఒక మండలంలో పడే ఓట్లు అంతకంటే ఎక్కువ. ఇక 1983 సవరణ ఏం చేసిందో చెప్పడానికి సవితా హలప్పనవర్ పేరు చాలు. బెళగావి నుంచి వెళ్ళిన ఆ దంతవైద్యురాలికి 17 వారాలకే గర్భం నిలవదని తేలిపోయింది. అయినా పిండం గుండె కొట్టుకుంటోందని ఆసుపత్రి గర్భస్రావం చేయనంది. ఒళ్ళంతా విషక్రిమి పాకి 2012 అక్టోబర్ 28న గాల్వేలో ఆమె చనిపోయింది. ఆ సవరణను తీసేయడానికి 2018 దాకా ఆగాల్సివచ్చింది. ముప్ఫై అయిదేళ్ళు. జనం ఒప్పుకున్న చట్టమే అది.

కాబట్టి ఓటు వేస్తే న్యాయం వస్తుందనీ చెప్పలేం, రాదనీ చెప్పలేం. 2015 చివర్లోనే స్లొవేనియాలో పార్లమెంటు చేసిన స్వలింగ వివాహ చట్టాన్ని ప్రజల ఓటుతో కొట్టేశారు. ఏడేళ్ళ తర్వాత, 2022లో, అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం జోక్యం చేసుకుంటేగానీ ఆ హక్కు తిరిగి రాలేదు. ఆస్ట్రేలియాది మరీ విచిత్రం. అక్కడ పార్లమెంటే చట్టం చేయగలదు, ఎవర్నీ అడగక్కర్లేదు. అయినా ప్రభుత్వం 2017లో ఇంటింటికీ పోస్టులో కాగితాలు పంపి అభిప్రాయం అడిగింది. 61.6 శాతం సరేనన్నారు. ఆ తర్వాత మళ్ళీ పార్లమెంటులోనే ఓటింగు జరిగి డిసెంబర్‌లో చట్టమైంది. మధ్యలో ఆ కాగితాలెందుకంటే, నాయకులు తాము తీసుకోవాల్సిన నిర్ణయం భారాన్ని జనం నెత్తిన పెట్టడానికి తప్ప మరెందుకూ కాదని నా ఉద్దేశం.

గెలిచిన చోట కూడా ఆ నెలలన్నీ ఎలా గడిచాయో ఆలోచించాలి. ఐర్లండ్‌లో వీధి స్తంభాలకు, పిల్లలకు అమ్మా నాన్నా ఇద్దరూ ఉండాలని పోస్టర్లు కట్టారు. ఇద్దరమ్మలున్న పిల్లలు బడికి వెళ్తూ వాటి కిందుగా నడిచారు. ఒంటరి తల్లుల పిల్లలూ నడిచారు. నేను మనిషినే, నా ఇల్లూ ఇల్లే అని ముక్కూ మొహం తెలియని వాళ్ళ గుమ్మం ముందు నిలబడి ఓటు అడుక్కోవాల్సివచ్చింది. పెళ్ళి చేసుకునే స్త్రీపురుషులెవరూ ఊరి ముందు ఇలా నిలబడనక్కర్లేదు కదా (కులం దాటితే తప్ప).

ఇక మన విషయం. మన రాజ్యాంగంలో దేశవ్యాప్త ప్రజాభిప్రాయ సేకరణకు చోటు లేదు. అయినా అడగడం జరిగింది. ఎవర్నంటారా? 2023లో స్వలింగ వివాహాల కేసు సుప్రీంకోర్టులో నడుస్తుండగా కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం కోరింది. వ్యతిరేకమని జవాబిచ్చిన మూడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎలా తేల్చుకున్నారంటే, రాష్ట్రంలోని వివిధ మతాల పెద్దలను సంప్రదించామని చెప్పారు. ఆ పెద్దల్లో స్త్రీలెందరు? ఎవరితో బతకాలో తేల్చుకోలేక పురుగుల మందు వైపు చూస్తున్న అమ్మాయిలను ఒక్కరినైనా పిలిచి అడిగారా? ఇదంతా పట్నపు పైతరగతి వాళ్ళ వాదన అని కేంద్రం కోర్టులో అంది. మొదటి పిటిషన్ వేసిన జంట హైదరాబాద్ వాళ్ళే, నిజమే. కానీ పుట్టింటి హింస గురించి మొరపెట్టుకున్న పిటిషన్లూ ఆ కేసులో ఉన్నాయి. పల్లెల్లో, చిన్న పట్నాల్లో ఈ జంటలు లేరనేవాళ్ళు మన కార్యకర్తలతో పాటు ఒక్క వారం తిరిగితే చాలు. అక్టోబర్ 17న తీర్పు వచ్చింది. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదనీ, చట్టం చేయాల్సింది శాసనసభలేననీ అన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ వీగిపోయాయి.

సమాజం సిద్ధంగా లేదనే మాట మనకు కొత్తది కాదు. హిందూ కోడ్ బిల్లు రోజుల నుంచీ వింటున్నదే. 1986లో ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా చట్టం వచ్చింది. అప్పుడు ఊరూరా ఓటు పెట్టి ఉంటే ఏమయ్యేది? అన్నదమ్ములు సరే, అక్కచెల్లెళ్ళే పుట్టింటి గడప కోసం, పసుపు కుంకుమల కోసం వద్దనేవాళ్ళు. చట్టం వచ్చాక కూడా ఎంతమంది సంతకాలు పెట్టి వాటా వదులుకున్నారో మనకు తెలుసు. అయినా ఆ చట్టం ఉండబట్టే అడిగే ఆడపిల్ల అడగగలుగుతోంది.

పెళ్ళి అనే వ్యవస్థనే ప్రశ్నించిన మనం ఇప్పుడు పెళ్ళి హక్కు కోసం మాట్లాడటమేమిటని కొందరు మిత్రులు అంటున్నారు. పెళ్ళి వద్దనుకునే స్వేచ్ఛ, పెళ్ళి చేసుకోగలిగిన వాళ్ళకే ఉంటుంది. ఆ చర్చ మరోసారి చేద్దాం.

మరొకటి చెప్పాలి, చెప్పడం కష్టమైనా. ఇరవై ఏళ్ళ కిందట నేనొక కౌన్సెలింగ్ కేంద్రంలో పనిచేసేదాన్ని. ఒక సాయంత్రం ఇద్దరమ్మాయిలు చేతిలో ఒకే సంచీతో వచ్చారు. పెద్దమ్మాయికి సంబంధం ఖాయం చేశారనీ, తామిద్దరం కలిసే ఉంటామనీ చెప్పారు. మేమంతా స్త్రీవాదులమే. భర్త కొడుతున్నాడని వచ్చిన స్త్రీని, ఆమె ఇష్టం లేకుండా ఒక్కనాడూ వెనక్కి పంపలేదు. ఈ ఇద్దరి విషయంలో మాత్రం కూర్చుని మాట్లాడుకున్నాం, లాయరుకు ఫోన్ చేశాం, పెద్దవాళ్ళను అడిగాం, చివరికి తల్లిదండ్రులను పిలిపించాం. పిల్లలు భయపడి ఉన్నారు, నెమ్మదిగా చూసుకోండి అని అప్పగించాం. రెండు నెలల్లో పెద్దమ్మాయి పెళ్ళయింది. రెండో అమ్మాయి ఒకసారి వచ్చి, "మీరు అందర్నీ అడిగారు మేడమ్, మమ్మల్ని తప్ప" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

మతపెద్దల్ని మాత్రమే అడిగిన ప్రభుత్వాన్ని తప్పుపట్టేటప్పుడల్లా నాకు ఆ సంచీ గుర్తొస్తుంది.

ఐర్లండ్ నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఓటు పెట్టె కాదు, దాని ముందు జరిగిన పని. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి మాట్లాడిన ఆ ఓపిక. అయితే మన దగ్గర ఆ మాటలు పూర్తయ్యేదాకా హక్కు ఆగనక్కర్లేదు, రెండూ కలిసి నడవొచ్చు. మొదటి గుమ్మాలు మన ఆఫీసులవే కావాలి. ఇంటి నుంచి వచ్చేసిన వయోజన స్త్రీలు ఇద్దరైతే మన షార్ట్ స్టే హోముల్లో ఏం చేస్తున్నాం? మిస్సింగ్ కేసు పెట్టి పోలీసులతో వచ్చిన తండ్రికి ఏం చెబుతున్నాం?

2024 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో కేంద్రం కొన్ని ఉత్తర్వులు స్పష్టం చేసింది. స్వలింగ జంటలు జాయింట్ బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డంకి లేదనీ, రేషన్ కార్డు విషయంలో వాళ్ళను ఒకే ఇంటివాళ్ళుగా చూడాలనీ. పెళ్ళి హక్కు ముందు ఇవి చాలా చిన్నవి. కానీ చేతిలో ఉన్నవి. మీ మండలంలో ఎవరైనా వీటికోసం వెళ్ళారా? బ్యాంకు మేనేజరు ఏమన్నాడు, రేషన్ కార్డు దగ్గర ఏమన్నారు? పేర్లు, ఊళ్ళు మార్చి మాకు రాయండి. వచ్చే సంచికలో వాటినే వేస్తాం.