పాత సామాను కొనేముందు రంగు చూడండి

పాత టేకు సామాను కొనుటకు నేను వ్యతిరేకిని కాను. చెమ్మ ఆరిన పాత కలప దృఢమైనది. ఖర్చు కూడ తక్కువ. అయితే ఇంటికి తెచ్చి, వేపాకు నీటితో కడిగి, ఎండలో ఉంచినంతనే శుద్ధి అయినదనుకొనుట పొరపాటు. ఆ పొరపాటు నేనూ చేయబోయాను.

మనుమరాలి కోసం పాత సామాన్ల అంగడిలో ఒక ఉయ్యాల కొన్నాను. దాని పచ్చరంగు పెచ్చులు లేచి ఉన్నది. గరుకు కాగితంతో రుద్దించి, కొత్త రంగు వేయించాలని తలచాను. వచ్చిన వృద్ధ వడ్రంగి, "అమ్మగారూ, ఇది సీసం కలిసిన రంగు కావచ్చును. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నేను గీకను" అన్నాడు.

అతని మాట సబబైనదే. మన దేశంలో గృహాలకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోనికి వచ్చింది. అంతకు పూర్వపు రంగులో ఎంత ఉన్నదో కంటికి తెలియదు. పొడిగా రుద్దినచో ఆ ధూళి ఇల్లంతా వ్యాపించును. పండ్లు వచ్చే బిడ్డ అంచును కొరికినా కడుపులోనికి పోవును. సీసం పసివారి మెదడు ఎదుగుదలను దెబ్బతీయును. సీసాన్నే నాగమని పిలిచే మన రసశాస్త్రం కూడ శోధింపని నాగం రోగకారకమని హెచ్చరించినది. ఎండ, మరుగునీరు నల్లులను చంపవచ్చును గాని సీసాన్ని హరింపలేవు.

కావున రంగు వేయని, చెక్క కనిపించే సామానునే ఎన్నుకొనవలెను. ఇంట్లో ఉన్న పాత రంగు సామానును పొడిగా గీకరాదు, కాల్చరాదు, తడిగుడ్డతో తుడువవలెను. పెచ్చులు లేచినదానిని కొనకుండుటయే మేలు.

ఉయ్యాల సొమ్ము వృథా అయినదని ఇంట్లో నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు. మనుమరాలు నా పాత నూలుచీరతో కట్టిన ఉయ్యాలలోనే హాయిగా నిద్రపోయింది.