టెన్సులు రావాలంటే తెలుగు నోరు నొక్కాలా?

ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట వినపడితే ఫైను వేసే మాస్టార్ల మీద నాకు చాన్నాళ్ళుగా కోపం. తెలుగు చచ్చిపోతోందని ఏడవడానికి వేరే బ్లాగులున్నాయి లెండి, నా బాధల్లా ఆ పద్ధతిలో ఇంగ్లీషు కూడా రాదని.

ఇంజినీరింగు పాసై వచ్చిన కుర్రాడు కూడా "డైలీ ఐ విల్ గో టు జిమ్" అంటాడు. మనం నవ్వుతాం. (నవ్వేవాళ్ళు ఓసారి తమ మెయిళ్ళు కూడా చూసుకోండి.) పన్నెండు గళ్ళ టెన్సుల పట్టిక వాణ్ణి నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. మరి తప్పెక్కడ? "రోజూ వెళ్తాను", "రేపు వెళ్తాను" - తెలుగులో రెండిటికీ క్రియ ఒకటే. ఇంగ్లీషులో రెండు. ఈ ముక్క చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, కానీ తెలుగు ఎత్తకుండా ఎలా చెప్తారు? అందుకే ఎవరూ చెప్పరు, ఎర్రసిరాతో కొట్టేసి ఊరుకుంటారు. లైను నంబరు ఇవ్వకుండా "ఎర్రర్" అని మాత్రం చెప్పే కంపైలర్‌తో మీరైతే ఎన్నాళ్ళు వేగుతారు?

"ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్" కూడా అంతే. "మూడేళ్ళ నుంచి పనిచేస్తున్నాను" అన్నప్పుడు మన "చేస్తున్నాను" గడిచిన మూడేళ్ళనీ మోస్తుంది. ఇంగ్లీషు "యామ్ వర్కింగ్" మొయ్యలేదు, దానికి "హావ్ బీన్ వర్కింగ్" కావాలి. మన "నుంచి" కూడా అక్కడ రెండుగా చీలుతుంది: ఎప్పుడు మొదలైందో చెబితే "సిన్స్", ఎంతకాలమో చెబితే "ఫర్". ఇక "తిన్నాను" అంటే "ఐ ఏట్" కావచ్చు, "ఐ హావ్ ఈటెన్" కావచ్చు.

అలంకారాల సంగతి మరీ విడ్డూరం. తెలుగు పీరియడులో ఉపమ, రూపకం, అతిశయోక్తి చదివిన పిల్లే తర్వాతి పీరియడులో సిమిలీ, మెటఫర్, హైపర్‌బొలీ అనే కొత్త జంతువుల నిర్వచనాలు బట్టీపడుతుంది. అవి తనకి తెలిసినవేనని చెప్పే నాథుడు లేడు.

"తెలుగులో ఆలోచించడం మానేస్తేనే ఇంగ్లీషు వస్తుంది" అంటారు. ఇంట్లో, వీధిలో ఇంగ్లీషు వినపడే పిల్లలకి నిజమే కావచ్చు. పల్లెటూరి పిల్ల ఇంగ్లీషు వినేది బళ్ళోనే కదా! సి.పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణం రాసింది ఇంగ్లీషులో. తనవాళ్ళకి తెలుగు నేర్పడానికి వాళ్ళ భాష వాడుకోవడం ఆయనకి తప్పనిపించలేదు. మనకేమో ఫైన్లు.

2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక స్కూల్లో, తెలుగు మాట్లాడిన పిల్లల మెళ్ళో "తెలుగులో మాట్లాడను" అనే అర్థం వచ్చే పలకలు వేలాడదీశారు. ఆ శిక్షని అందరూ తిట్టారు, నేనూ తిడతాను. కానీ ఆ "మాట్లాడను" చూడండి. మాట్లాడే అలవాటు లేదనా, ఇకమీదట మాట్లాడబోననా? తెలుగులో రెండిటికీ ఒకటే రూపం, ఇంగ్లీషులో వేర్వేరు. పలక మీద ఏది రాయాలో, ఎందుకో ఆ పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలన్నా మాస్టారు తెలుగులోనే చెప్పాలి.